అడవి నీడలో కాఫీ: అడవిని కాపాడుతోందా, మెల్లగా తరిగిస్తోందా?

చెట్టునీడ

"నీడలో పండించిన కాఫీ" అని ప్యాకెట్ మీద కనబడగానే అడవికి మేలు జరుగుతోందని నమ్మేస్తాం. నేనూ నీడ సాగు పక్షమే. అరబికా రకం కాఫీ పుట్టిందే నైరుతి ఇథియోపియా కొండల్లో, పెద్ద చెట్ల చాటున. ఎండలో వరుసలుగా నాటి ఎరువులతో కాయించడం తర్వాత వచ్చిన పద్ధతి. అయినా ఒక విషయం తేలడం లేదు. నిలిచి ఉన్న అడవిలో కింది పొదలు కొట్టేసి కాఫీ నాటితే, దాన్ని అడవిని కాపాడటం అనొచ్చా? తక్కువ భూమిలో ఎండ సాగుతో ఎక్కువ పండించి, అడవి జోలికే వెళ్లకుండా ఉంటే ఇంకా మంచిదేమో? కారణాలతో రాయండి.

పంటలెక్క

నా ఓటు రెండోదానికే. అంతే పంట తీయడానికి ఎండ సాగులో తక్కువ ఎకరాలు సరిపోతాయి. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పండించే బ్రెజిల్, వియత్నాం రెండూ ప్రధానంగా ఎండలోనే పండిస్తున్నాయి. దట్టమైన నీడలో మొక్క వెలుతురు కోసం పైకి సాగుతుంది, కణుపుల మధ్య దూరం పెరుగుతుంది, పూత తగ్గుతుంది. కాయ గుత్తులు పట్టేది కణుపుల దగ్గరే కదా. పైగా ఏటా పెద్ద చెట్లెక్కి కొమ్మలు కొట్టి వెలుతురు ఇవ్వాలి. అది ప్రాణాల మీదికొచ్చే పని, ఆ పని తెలిసిన కూలీలు దొరకడం ఒక టెన్షన్. చిన్న రైతుకు పక్షుల గురించి చెప్పి దిగుబడి తగ్గించుకోమంటే ఎలా?

వాననీరు

పంటలెక్క గారూ, దట్టమైన నీడ గురించి మీరన్నది నిజమే. కానీ నీడ అంటే చీకటి అని ఎవరన్నారు? మెక్సికోలోని చియాపాస్ తోటల మీద 2000లో అచ్చయిన పరిశోధన ఒకటుంది. నీడ 23 నుంచి 38 శాతం ఉన్నప్పుడు దిగుబడికి మేలే జరిగింది, 48 శాతం దాకా నిలకడగా ఉంది. 50 దాటితేనే తగ్గొచ్చని తేలింది.

ఎండలో ఉన్న అరబికా మొక్కను దగ్గరగా చూడండి. మంచి పూత వచ్చిన ఏడు కొమ్మ నిండా కాయ పడుతుంది. అంత కాయకు తిండి పెట్టడానికి ఆకు చాలదు. పండేలోపే ఆకులు పసుపుబారి రాలిపోతాయి. కొమ్మ చివర నల్లబడి, అక్కడి నుంచి కాండం వైపు ఎండుతూ వస్తుంది. గుత్తిలో తాలు కాయలు పెరుగుతాయి. మరుసటి ఏడు కాయాల్సిన కొత్త కణుపులు ఆ కొమ్మకు ఉండవు. నీడలో కాయ కాస్త తక్కువ పడినా ఏటా పడుతుంది, మొక్క ఎక్కువ కాలం బతుకుతుంది. ఒక్క మంచి ఏడాది చూసి దిగుబడి లెక్క కట్టడం రైతుకు అన్యాయం.

పురుగు సంగతీ అంతే. భారత్‌లో అరబికాకు పెద్ద శత్రువు తెల్ల కాండం తొలిచే పురుగు. ఎండకు వేడెక్కిన కాండం దానికి ఇష్టం, బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది. అందుకే నీడచెట్టు పడిపోయి ఖాళీ ఏర్పడిన చోట మొక్కల మీద ముందు కన్నేయాలి. బెరడు మీద ఉబ్బిన గీతలు మనకు కనబడేసరికి లోపల సొరంగాలు అయిపోయి ఉంటాయి.

అడవి దగ్గర్లో ఉండటం కూడా లాభమే. కోస్టారికాలో ఒక కాఫీ ఎస్టేట్ మీద 2004లో వచ్చిన అధ్యయనం ప్రకారం, అడవికి దాదాపు కిలోమీటరు లోపలున్న మొక్కలకు అడవి తేనెటీగల వల్ల దిగుబడి 20 శాతం పెరిగింది, రెండు గింజలుండాల్సిన చోట ఒకటే పట్టే ఒంటి గింజ కాయలు 27 శాతం తగ్గాయి.

ఇక "తక్కువ భూమి చాలు" అనే వాదన. వియత్నాం మధ్య పీఠభూమిలో 1990ల్లో దిగుబడులు బాగా పెరిగాయి. అడవి మిగిలిందా? లాభం కనబడేసరికి ఇంకా ఇంకా కొట్టారు. మిగిలిన అడవికి కాపలా లేకపోతే ఎక్కువ దిగుబడే గొడ్డలికి పదును పెడుతుంది.

అడవిగాలి

మీ ఇద్దరి వాదనా తోట చుట్టూనే తిరుగుతోంది. నేను అడవి వైపు నుంచి చెబుతాను.

అడవిలో కాఫీ నాటేవాళ్లు పెద్ద చెట్లను కొట్టరు, నిజమే. కింద మాత్రం ఏటా కత్తి పడుతుంది. కలుపుతోపాటు పెద్ద చెట్ల విత్తనాల నుంచి మొలిచిన మొక్కలూ పోతాయి. జానెడు ఎత్తులో ఉన్నప్పుడు ఏది కలుపో ఏది రేపటి మహావృక్షమో చూసి కొట్టే ఓపిక ఎవరికుంటుంది? పైనుంచి చూస్తే పచ్చగా, నిండుగానే ఉంటుంది. కానీ ఆ చెట్లకు వారసులు లేరు. గాలివానకు ఒక్కొక్కటే కూలుతుంటే వాటి చోట్లోకి త్వరగా పెరిగే ఏదో ఒకే రకం తెచ్చి నాటుతారు. కొన్నాళ్లకు అది సిల్వర్ ఓక్ తోట అవుతుంది, పేరు మాత్రం అడవి నీడే. నేల దగ్గర పొదల్లో గూడు కట్టే పక్షులు ఆ మార్పు కంటే ముందే వెళ్లిపోతాయి.

అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ వాళ్ల "బర్డ్ ఫ్రెండ్లీ" కాఫీ ధ్రువీకరణ నియమాలు కఠినమైనవే: కనీసం 40 శాతం నీడ, పది రకాల చెట్లు, ప్రధాన చెట్లు 12 మీటర్ల ఎత్తు, సేంద్రియ సాగు. వాటిని గౌరవిస్తాను. అయితే ఈ కొలతలు ఇప్పుడున్న నీడ ఎంతో చెబుతాయి, ఆ చెట్ల కింద మొక్కలు లేస్తున్నాయో లేదో చెప్పవు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వచనంలోనూ చెట్ల కింద పంట పండించే భూమి అడవి లెక్కలోకి రాదు. ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన చట్టం కూడా అదే దారి పట్టింది: 2020 డిసెంబర్ 31 తర్వాత అడవిని సాగులోకి మార్చిన భూమిలో పండిన కాఫీకి అక్కడి మార్కెట్లో చోటు ఉండకూడదంటుంది, నీడ ఉన్నా సరే.

నా మాట సూటిగా ఇదే. ఇప్పటికే బోడైపోయిన కొండ మీద, పాత ఎండ తోటలో నీడచెట్లు పెంచి కాఫీ వేస్తే నూటికి నూరుపాళ్లు మంచి పని. నిలిచి ఉన్న అడవిలో కొత్తగా కాఫీ వేయడానికి మాత్రం ఒప్పుకోను.

చెట్టునీడ

అడవిగాలి గారూ, వారసుల సంగతి నాకు ఇంతవరకు తట్టలేదు. కానీ ఇథియోపియానే చూడండి. అడవి కాఫీకి ధ్రువీకరణ, దాంతోపాటు మంచి ధర వచ్చిన చోట, కాఫీ లేని పక్క అడవుల కంటే చెట్లు ఎక్కువ నిలిచాయని అక్కడి అధ్యయనాలు చెప్పాయి. కాఫీ లేకపోతే అక్కడ మీరు కోరుకునే కన్నె అడవి మిగలదు. మొక్కజొన్నో, పశువుల మేతో వస్తుంది.

పంటలెక్క

వియత్నాం విషయం ఒప్పుకుంటున్నాను. అయితే ఆకు తుప్పు తెగులు ఎవరూ ఎత్తలేదేం? 2012లో మధ్య అమెరికా తోటల్ని ఊడ్చేసింది. నీడలో ఆకు తడి ఎక్కువసేపు ఆరదు, ఆ తడే ఆ బూజుకు కావాలి.

వాననీరు

రెండు వైపులా ఉందండి. తడి వల్ల నష్టం ఉంది, కాయ బరువు తగ్గడం వల్ల మొక్కకు తట్టుకునే శక్తీ ఉంది. కాయ ఎక్కువ మోసే మొక్కకే ఆ తెగులు ఎక్కువ. అప్పటి దెబ్బకు మరో కారణం, ధరలు పడిపోయి రైతులు తోటల్ని సరిగా చూసుకోలేకపోవడం. నీడను వానలకు ముందే పలచన చేయాలి. ఆ పనిలో ఆలస్యమైతే మీరన్నదే జరుగుతుంది.

అడవిగాలి గారి మాటకు తోటలో చేయగలిగింది ఒకటుంది. కలుపు తీయడానికి ముందు రోజు, చెట్ల మొలకలు గుర్తుపట్టగలిగే మనిషి ఒకరు వరుసల వెంట నడిచి వాటి పక్కన కర్ర పాతాలి. కర్ర ఉన్నచోట కత్తి వేయకూడదు.

అడవిగాలి

చేయండి, సంతోషిస్తాను. ఇప్పటికే అడవిలో ఉన్న తోటలకు అంతకు మించి అడగను. ఆ మనిషి కూలి మాత్రం రైతు నెత్తిన పడకూడదు. "నీడ కాఫీ" పేరు చెప్పి ఎక్కువ ధరకు అమ్ముకునేవాళ్లే అది పెట్టుకోవాలి. ధ్రువీకరణ ఇచ్చేవాళ్లు కూడా నీడ శాతంతో ఆగకుండా, తోటలో నడుము ఎత్తు దాటిన అడవి మొక్కలు ఎన్ని ఉన్నాయో ఏటా లెక్కపెట్టాలి. చెట్టునీడ గారూ, మీరు చెప్పిన ఇథియోపియా అడవుల్లోనూ నేను ముందు అడిగేది ఆ లెక్కే.