గళ్ల బొమ్మ వేసిచ్చి కూలి తీసుకోవచ్చునా?

చర్చకు పెట్టిన ప్రశ్న: పాత వీడియో గేములలోని పిక్సెల్ బొమ్మలను, అంటే చిన్న చిన్న రంగు గళ్లతో కూర్చిన బొమ్మలను, ఆర్డర్ మీద కాన్వాసుపై వేసిచ్చి డబ్బు తీసుకోవడం చిత్రకారుని పనేనా, లేక ఒకరి బొమ్మను పెద్దది చేసి అమ్ముకోవడమా?

హన్మకొండ బోర్డు ఆర్టిస్టు

ఫ్లెక్సీలు వచ్చిన తరువాత దుకాణాల బోర్డులు రాసే పని దాదాపు పోయింది కనుక, కొంతకాలంగా ఆర్డర్ మీద కాన్వాసులు వేస్తున్నాను. మొన్న ఒక ఇంజినీరు సారు తన గదిలో పెట్టుకోవడానికి 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లోని చిన్న మారియో కావాలని బయానా ఇచ్చారు. ఆ బొమ్మ వెడల్పు 12 పిక్సెళ్లు, ఎత్తు 16. గడికి 2 అంగుళాల చొప్పున తీసుకుంటే 24 అంగుళాల వెడల్పు, 32 అంగుళాల ఎత్తు వస్తుంది. ఖాళీ గళ్లతో కలిపి 192 గళ్లు, మూడే రంగులు. అది చూసిన మిత్రుడొకరు "ఇందులో నీ చెయ్యి ఎక్కడుంది?" అన్నారు. ఆ మాట మనసులో ఉండిపోయింది. టేపు అంటించి రంగు వేస్తే అంచు కిందికి రంగు పాకుతుంది. అందుకని ముందు టేపు అంచు మీద అడుగు రంగునే ఒక పూత వేసి, అది ఆరిన తరువాత అసలు రంగు వేస్తాను. ఇంత చేసినా అది నకలేనా?

కాజీపేట పాత ఆటగాడు

క్షమించాలి అన్నా, మీ మిత్రుని మాటే నిజమనిపిస్తున్నది. టేపు అంటించడం నేర్పు, కాదనను. కానీ ఆ బొమ్మలోని ఆలోచన మొత్తం మారియోను సృష్టించిన నింటెండో కంపెనీ డిజైనర్ మియామొటోది. 1981లో మారియో మొదట కనిపించిన డాంకీ కాంగ్ ఆట కోసం అంత తక్కువ చుక్కల్లో నోరు చూపించడం కుదరక మీసం పెట్టారు, జుట్టు గీయడం కుదరక టోపీ పెట్టారు. మారియో ఆటలో మబ్బు, పొద రెండూ ఒకే ఆకారం. రంగు మార్చి మెమరీ మిగిల్చారు. ఇబ్బందిలోంచి పుట్టిన అందం అది. మీకు ఆ ఇబ్బంది ఏదీ లేదు, మీ ముందు కాన్వాసు ఎంత కావాలంటే అంత ఉంది. మా ఇంట్లో ఆ కాలపు డబ్బా టీవీ, ఆ క్యాసెట్ ఇంకా పనిచేస్తున్నాయి కనుక కొంచెం గట్టిగానే మాట్లాడుతున్నాను.

కొత్తవాడ మగ్గం

మాది జంపఖానాలు నేసే ఇల్లు. డిజైన్ గళ్ల కాగితం మీద ఒకరు గీస్తారు, మరొకరు నేస్తారు. నేసినవారిని నకలు కొట్టారని ఎవరూ అనరు. చేర్యాల నకాషీ చిత్రకారులు కూడా కథ చెప్పేవారు అడిగిన కథనే, తరతరాలుగా వస్తున్న రూపాలతోనే పటం వేసిచ్చి కూలి తీసుకున్నారు. అయితే మారియోకు నింటెండో ఉన్నట్టు ఆ రూపాలకు యజమానిగా ఒక కంపెనీ లేదు. ఆ ఒక్క తేడాను మాత్రం నేను దాటలేకపోతున్నాను.

హన్మకొండ బోర్డు ఆర్టిస్టు

తమ్మీ, నకలంటే దేనికి నకలు, అక్కడే నాకు చిక్కు వచ్చింది. కంప్యూటరులోని బొమ్మ ఫైలులో గడి నలుచదరం. టీవీ మీద మాత్రం ఆ ఆట ఆడించే నింటెండో యంత్రం పిక్సెల్ అడ్డంగా సాగేది. జపాన్, అమెరికా టీవీలలో దాని వెడల్పు, ఎత్తుల నిష్పత్తి సుమారు 8:7. అంటే మీరు చూసిన మారియో నా 24 అంగుళాల మారియో కంటే లావు. నేను 27 అంగుళాలు దాటించి గీయాలి. ఎరుపు సంగతి ఇంకా చిక్కు. ఆ యంత్రం రంగును అంకెలుగా కాక నేరుగా టీవీ సిగ్నలుగా పంపేది కాబట్టి ఒక్కో టీవీలో ఒక్కో ఎరుపు కనిపించేది. ఇంటర్నెట్‌లో దొరికే ఎరుపులన్నీ తరువాతివారు వేసుకున్న అంచనాలే. ఫైలుకు నమ్మకంగా ఉండాలా, ఇంజినీరు సారు చిన్ననాటి టీవీకి నమ్మకంగా ఉండాలా అన్నది నేను తేల్చవలసిన విషయమే కదా. నా చెయ్యి అక్కడ ఉందనుకుంటున్నాను.

కోర్టు దగ్గరి వకీలు

కళ సంగతి మీరు తేల్చుకోండి, నేను చట్టం వరకే చెబుతాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం చిత్రానికి హక్కు గీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. మియామొటో జీవించే ఉన్నారు, కాబట్టి ఆట పాతదైనా హక్కు పాతబడలేదు. పెద్దది చేసినంత మాత్రాన కొత్త బొమ్మ కాదు. ఇంజినీరు గారు తన గోడకు తానే వేసుకుంటే సొంత వాడకమని సెక్షన్ 52 కింద వాదించవచ్చు. కూలికి వేసే మీకు ఆ వాదన బలహీనం. ఇంకొక మాట చాలామందికి తెలియదు: సెక్షన్ 17 ప్రకారం డబ్బిచ్చి వేయించుకున్న చిత్రం మీద తొలి హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవారిదే. మీరు సొంతంగా ఊహించి గీసిన బొమ్మలకు కూడా ఇది వర్తిస్తుంది. అందుచేత హక్కు ఎవరిదో బయానా రసీదు మీదనే రెండు వాక్యాలు రాసుకోండి.

కాజీపేట పాత ఆటగాడు

అడ్డంగా సాగే సంగతి నిజమే, నేను ఎన్నడూ కొలవలేదు. అయినా కంపెనీని అడగకుండా అమ్మడం మీద నా అభ్యంతరం అట్లాగే ఉంది.

హన్మకొండ బోర్డు ఆర్టిస్టు

ఉండనీయండి, వకీలు గారి మాట విన్న తరువాత నాకూ కొంత ఉంది. అదే బొమ్మ ఇంకో పది కావాలని, అమ్ముకుంటామని ఒక గిఫ్టుల దుకాణం వారు అడిగారు, వద్దన్నాను. ఈ ఒక్కటి మాత్రం మాట ఇచ్చాను కాబట్టి పూర్తి చేస్తాను, ఇకమీదట వచ్చేవారిని వారి వీధినో, వారి ఇంటినో గళ్లలో వేయించుకోమని అడుగుతాను. తమ్మీ, ఆదివారం ఆ టీవీ పెట్టి ఉంచండి. రంగు డబ్బాలు తెచ్చుకుంటాను, ఎరుపు దాని ముందే కూర్చుని కలుపుతాను.