అప్‌డేట్: డిపాజిట్ చెక్ పంపేశాను

టెక్సస్‌లో మా ఇల్లు ఖాళీ చేసిన కుర్రాళ్లకి 2,400 డాలర్ల డిపాజిట్ ఎలా తిరిగివ్వాలి, పెయింట్‌కీ కార్పెట్‌కీ ఎంత పట్టుకోవచ్చు అని అడిగాను కదా, ఆ వ్యవహారం తేలిపోయింది.

పెయింట్ సంగతి వదిలేశాను. మనుషులు తిరిగే ఇంట్లో గోడలు మాయకుండా ఉంటాయా? మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకి అక్కడి చట్టం ప్రకారం డబ్బు పట్టుకోకూడదు కూడా. కార్పెట్ మీద ఇస్త్రీపెట్టె ముద్ర మాత్రం అలా కాదు. త్రికోణంగా నల్లగా కాలి, పోగులు కరిగి గట్టిపడిపోయాయి. ఆ ముక్క వరకే కోసి అతికించడానికి 140 డాలర్లయింది. అదొక్కటే పట్టుకుని, లెక్క రాసి, రసీదూ ఫొటోలూ జతచేసి, 2,260కి చెక్ పంపాను. లీజులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి చెక్కూ ఇద్దరి పేరునే.

టెన్షన్ పెట్టింది 30 రోజుల గడువు. ఇల్లు అప్పగించిన రోజు నుంచి లెక్క. అయితే వాళ్లు కొత్త అడ్రస్ రాతపూర్వకంగా ఇచ్చేదాకా పంపాల్సిన బాధ్యత లేదు, అలాగని వాళ్ల హక్కూ పోదు. వీళ్లేమో వాట్సాప్‌లో "అంకుల్, ఆస్టిన్ వచ్చేశాం" అని పెట్టి ఊరుకున్నారు! నేనే వెంటపడి ఈమెయిల్లో అడ్రస్ తెప్పించుకున్నాను. దురుద్దేశంతో డిపాజిట్ ఎగ్గొట్టాడని కోర్టులో తేలితే 100 డాలర్లు, అన్యాయంగా పట్టుకున్న సొమ్ముకి మూడు రెట్లు, పైగా లాయర్ ఫీజు. దాని కన్నా బతిమాలడమే చవక.

చెక్ అందిందట. ఇస్త్రీపెట్టె తనది కాదని ఒకబ్బాయి కాస్త గొణిగాడు గానీ, అది వాళ్లిద్దరూ తేల్చుకోవాల్సిన లెక్క.