ఊహకు చోటిచ్చే బొమ్మలు: కొనేముందు ఏమేం చూడాలి?

వేకువ
మూడేళ్ల, ఐదేళ్ల పిల్లలు కలిసి ఆడుకునే బొమ్మలు ఎంచుకోవాలి. మీట నొక్కితే పాడేవి, ఒక్క ఆటకే పనికొచ్చేవి వద్దు. అందంగా ఉండాలి, ఏళ్ల తరబడి మన్నాలి. ఆన్‌లైన్‌లో చెక్కబొమ్మల ఫొటోలన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఏది గట్టి పనో, ఏది పైమెరుగో తెలియడం లేదు. దిమ్మెలు ఎన్ని కావాలి, ఏ చెక్క మేలు, రంగు సంగతి ఎలా తేల్చుకోవాలి, గుడ్డబొమ్మలో ఏం చూడాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

చిత్రిక
దిమ్మెలతో మొదలుపెట్టండి, మిగతావన్నీ వాటి చుట్టూ చేరతాయి. మొదట అడగాల్సింది కొలతలు. 20వ శతాబ్దం తొలినాళ్లలో న్యూయార్క్‌లో కరొలిన్ ప్రాట్ అనే ఉపాధ్యాయురాలు రూపొందించిన యూనిట్ దిమ్మెల లెక్క ఇప్పటికీ చాలా బడుల్లో నడుస్తోంది. మందం ఒక వంతయితే వెడల్పు రెండు, పొడవు నాలుగు. అంటే సుమారు 35 × 70 × 140 మి.మీ. ఈ కొలత దిమ్మెనే యూనిట్ అంటారు. రెండు సగాలు ఒక యూనిట్, రెండు యూనిట్లు ఒక డబుల్.

ఈ లెక్క తప్పితే ఆట తప్పుతుంది. ఒక్కో దిమ్మె మందంలో 1 మి.మీ. తేడా ఉందంటే, పది వరసలు పేర్చేసరికి గోడ ఒక పక్క సెంటీమీటరు ఎత్తు అవుతుంది, పైన పెట్టిన పలక జారిపోతుంది. పిల్లలు తమకే చేతకావడం లేదనుకుని వదిలేస్తారు. అందుకే పది దిమ్మెలు బల్లమీద పక్కపక్కనే పడుకోబెట్టి, పైన స్టీలు స్కేలు ఆనించి చూడండి. స్కేలు కింద వెలుతురు కనిపిస్తే కోత సరిగా లేదు. రెండు కంపెనీల సెట్లు కలిపేటప్పుడు కూడా ఇదే చిక్కు. ఒకరిది 35 మి.మీ., ఇంకొకరిది 33 మి.మీ. ఉంటే ఎప్పటికీ కుదరవు.

చెక్క విషయానికొస్తే బీచ్, మేపుల్ గట్టివి, బరువైనవి. వీటితో చేసిన ఒక యూనిట్ దాదాపు 240 గ్రాములు తూగుతుంది. పైన్‌తో చేస్తే 170 లోపే. తేలిక దిమ్మె మోచెయ్యి తగిలితే చాలు పడిపోతుంది, పైగా పైన్ మెత్తన కాబట్టి అంచులు సొట్టపోతాయి. రబ్బరు చెక్క మధ్యస్థం. బాగా ఆరబెట్టిందైతే మంచిదే, తేమ తగిలితే మాత్రం నీలిమచ్చలు పడుతుంది. అడ్డకోత ముఖం మీద నారలు, వలయాలు కనిపించకపోతే అది ఎం.డి.ఎఫ్. (చెక్కపీచును జిగురుతో అదిమి చేసిన పలక) అని అర్థం, నీళ్లు తగిలిన చోట ఉబ్బుతుంది.

ఇద్దరికీ కలిపి 60తో మొదలెట్టి 100కు పెంచండి. అందులో సగం దాకా మామూలు యూనిట్లే ఉండాలి. అమ్మేవాళ్లు తోరణాలు (వంపు దిమ్మెలు), స్తంభాలు ఎక్కువ పెట్టి సెట్టును ముచ్చటగా చూపిస్తారు. ఇంట్లో మొదట అయిపోయేవి యూనిట్లూ డబుళ్లే.

రసాయనశాల
రంగు గురించి. ‘నాన్ టాక్సిక్’ (విషం లేనిది) అన్న ముద్ర పరీక్ష ఫలితం కాదు. ‘నీటి ఆధారిత రంగు’ అన్నా అందులో రంగునిచ్చే పదార్థం ఏమిటో తెలియదు. బొమ్మల భద్రతకు యూరప్ ప్రమాణమైన ఈఎన్ 71 ప్రకారం చేసిన పరీక్ష నివేదిక అడగండి, అందులో మూడో భాగం ఉందో లేదో చూడండి. మొదటి భాగం విరగడం, అంచులు, చిన్న ముక్కల గురించి, రెండోది మంట గురించి. సీసం, కాడ్మియం లాంటి హానికర లోహాలు బొమ్మలోంచి ఎంత ఊరి బయటికొస్తాయో చెప్పేది మూడోదే. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8124లో కూడా మూడో భాగం ఇలాంటి పరీక్షే. నివేదిక మీద మీరు కొనే బొమ్మ మోడల్ పేరు ఉండాలి. కొందరు రంగు డబ్బాకు వచ్చిన కాగితం చూపించి బొమ్మకు వచ్చినట్టు చెబుతారు.

సూదీదారం
తడిపిన తెల్లగుడ్డతో అర నిమిషం గట్టిగా రుద్దితే సరిపోదా అండీ? రంగు అంటుకుంటే పక్కన పెట్టేయొచ్చు కదా.

రసాయనశాల
ఆ పరీక్ష చెయ్యండి, కానీ దాంతో తేలేది రంగు పట్టు ఒక్కటే. గుడ్డకు అంటని రంగులోనూ సీసం ఉండొచ్చు. ఇంట్లో వాడే సీసం పరీక్ష పుల్లలను నమ్ముకోవద్దు, ఉన్నా లేనట్టు చూపించిన సందర్భాలున్నాయి. అమెరికాలో బొమ్మల పూతలో సీసానికి హద్దు 90 పి.పి.ఎం. (పది లక్షల వంతుల్లో 90), ఆ స్థాయిని కొలవడం ప్రయోగశాల పని. వయసు తెలియని పాత రంగుబొమ్మలు నోట్లో పెట్టుకునే పిల్లలకు ఇవ్వకండి, ఎంత అందంగా ఉన్నా సరే.

నూనె పూతైతే ఆరే నూనె కావాలి. అవిసె నూనె గాలికి గట్టిపడుతుంది, పలచగా పట్టించి కొన్ని వారాలు ఆరనివ్వాలి. మినరల్ ఆయిల్ ఎన్నటికీ గట్టిపడదు, చేతులకు అంటుతూనే ఉంటుంది. అక్రోటు నూనె వాడారేమో అడగండి, గింజల అలర్జీ ఉన్న పిల్లలు ఉండొచ్చు. ఇంట్లో మీరే పూస్తే, అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి పడెయ్యకండి. తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరుబయట పరచండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

సూదీదారం
గుడ్డబొమ్మలో మొదట ముఖం చూస్తాను. కళ్లకు రెండు చుక్కలు, నోటికి చిన్న గీత చాలు. పళ్లు కనిపించేలా నవ్వే బొమ్మను ఏడిపించాలన్నా నిద్రపుచ్చాలన్నా పిల్లలకు కష్టం.

రెండోది చేతులు. వేళ్లు విడివిడిగా ఉంటే చొక్కా చేతుల్లో ఇరుక్కుంటాయి, మూడేళ్ల పాప విసుక్కుని బట్టలు మార్చే ఆటే మానేస్తుంది. బొటనవేలు ఒక్కటే విడిగా ఉన్న చెయ్యి మేలు. బట్టల మెడ బొమ్మ తలకు ధారాళంగా పట్టాలి, వెనక పొడవునా తెరుచుకోవాలి, చిన్న బొత్తాలు వద్దు. ఎత్తు 30 నుంచి 38 సెం.మీ. అయితే చంకన వేసుకుని తిరగడానికి వీలుగా ఉంటుంది.

కుట్టును రెండు చేతులా లాగండి, దారాల మధ్య లోపలి పీచు కనిపించకూడదు. ఈఎన్ 71లో కుట్టుకు 70 న్యూటన్లు, 6 మి.మీ. కంటే పెద్దవైన కన్ను, బొత్తాం లాంటి భాగాలకు 90 న్యూటన్ల లాగుడు పరీక్ష ఉంది. 90 న్యూటన్లంటే దాదాపు తొమ్మిది కిలోలు వేలాడదీసినంత. లోపల ఉన్ని కూరితే బొమ్మకు బరువు, ఒంటివేడి వస్తాయి. అయితే వేడినీళ్లలో వేస్తే ఉన్ని గడ్డకడుతుంది. మురికైన చోట చల్లని సబ్బునీళ్లతో తుడిచి, గాలి తగిలేలా ఆరబెట్టాలి. పాలిస్టర్ పీచు ఉతకడానికి సులువు, మెడ దగ్గర మాత్రం తొందరగా కుంగిపోతుంది.

బొమ్మకు తోడు 90 సెం.మీ. చదరం గుడ్డలు నాలుగైదు ఇవ్వండి. నది, గుడారం, చీర, ఉయ్యాల అన్నీ అవే అవుతాయి. పలచటి నూలు గానీ పట్టు గానీ ముడి నిలుపుకుంటుంది, పాలిస్టర్ జారిపోతుంది. మెడకు కట్టనివ్వకండి. భుజం దగ్గర, లాగితే ఊడొచ్చే వెల్‌క్రో ముక్క కుట్టండి.

ఆటగది
కొలతల మాట ఇంకో కోణంలో కూడా చూడాలి. బొమ్మలు ఒకదానికొకటి సరిపోతేనే కథ సాగుతుంది. యూనిట్ దిమ్మె వెడల్పు 7 సెం.మీ. కాబట్టి 6 సెం.మీ. లోపు కారు దానిమీద రోడ్డులా పరిగెడుతుంది. మనుషులు, జంతువులు 6 నుంచి 9 సెం.మీ. ఉంటే, నిలబెట్టిన యూనిట్ల మీద పెట్టిన తోరణం కిందినుంచి దూరతాయి. ఒక్కోటి ఎంత అందమైనదైనా, 15 సెం.మీ. ఏనుగు పక్కన 12 సెం.మీ. కోడి ఉంటే రెండూ అరలోనే ఉండిపోతాయి.

సంఖ్య విషయంలో, 2018లో వెలువడిన అధ్యయనంలో అమెరికాలోని టొలెడో విశ్వవిద్యాలయం వాళ్లు 36 మంది పసిపిల్లలను గమనించారు. నాలుగు బొమ్మలున్న గదిలో పిల్లలు, పదహారు ఉన్న గదిలోకంటే ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ తీర్లుగా ఆడారు. దీన్ని దిమ్మెలకు వర్తింపజేసి ‘పదిహేను చాలు’ అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. దిమ్మెల సెట్టంతా కలిపి ఒక్క బొమ్మే. అందులో కోత పెడితే ఇల్లు సగంలో ఆగిపోతుంది. తగ్గించాల్సింది రకాలను. దిమ్మెలు, కొన్ని జంతువులు, గుడ్డలు, ఒక గుడ్డబొమ్మ బయట ఉంచి, మిగతావి లోపల పెట్టండి. ఆట పలచబడినప్పుడు ఒక రకం మార్చండి. సాగుతున్న ఆటను మాత్రం సర్దెయ్యకండి.

రసాయనశాల
మూడేళ్లలోపు పిల్లలు కూడా ఆ గదిలో ఉంటే చిన్న ముక్కలు చూసుకోండి. పరీక్షలో వాడే గొట్టం లోవ్యాసం 31.7 మి.మీ., అందులో పూర్తిగా ఇమిడేది ఏదైనా ప్రమాదమే. అయస్కాంతం చెక్కలో దాగి ఉన్నా మూత జిగురుతో మాత్రమే అతికించి ఉంటే కొనకండి. రెండు మింగితే పేగు గోడలకు అటూ ఇటూ అతుక్కుని రంధ్రం చేస్తాయి. గుండీ బ్యాటరీ ఉన్నవాటికి మూత స్క్రూతో బిగించి ఉండాలి. అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కణజాలం కాలిపోవచ్చు.

వేకువ
ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలండీ. ఇంద్రధనుస్సు ఆకారంలో ఒకదానిలో ఒకటి ఇమిడే వంపులు ఎలాంటివి? 60 దిమ్మెలు ఎలా సర్దాలి, ఎలా శుభ్రం చెయ్యాలి?

చిత్రిక
వంపులు మంచివే. వంతెన, కంచె, ఊయల అన్నీ అవుతాయి. ఒకే పలక నుంచి కోస్తారు కనుక నార అడ్డంగా పోతుంది, దాంతో కాళ్ల దగ్గర బలం తక్కువ. కాలి మందం 10 మి.మీ. కంటే తక్కువుంటే గచ్చు మీద పడ్డప్పుడు అక్కడే విరుగుతుంది. విరిగితే తెల్ల చెక్క జిగురు రాసి, గంటసేపు బిగించి, ఒక రోజు కదపకండి.

యూనిట్లే అరవై ఉంటే 14 కిలోలు దాటతాయి, కాబట్టి లోతు పెట్టె వద్దు. అడుగున ఉన్నవి ఎవరూ తియ్యరు, తియ్యాలంటే అంతా బోర్లించాలి. పిల్లల నడుము ఎత్తులోపు, గోడకు బిగించిన అరలో, పొడవు ముఖం కనిపించేలా పేర్చండి. నానబెట్టకండి. బాగా పిండిన తడిగుడ్డతో తుడిచి, నీడలో నిలువుగా ఆరబెట్టండి. ఎండలో పెడితే పగుళ్లిస్తాయి. అంచు పొర లేస్తే 180 గ్రిట్ గరుకు కాగితంతో, ఆ తర్వాత ఇంకా నున్నటి 240తో, నార వెంబడే రుద్దండి.