వైజాగ్ నుంచి ఓడలో వెళ్లినవాళ్లు చెప్పండి, సముద్రం పోటుగా ఉంటే ఎలా?

సీతమ్మధార:
నవంబర్‌లో అమ్మానాన్నలతో ఓడలో పోర్ట్ బ్లెయిర్ వెళ్దామనుకుంటున్నాం. దాదాపు మూడు రోజులు నీళ్ల మీదే. అమ్మకి అరకు ఘాట్ ఎక్కితేనే వాంతులు. ఒకటే టెన్షన్‌గా ఉంది.

పెదవాల్తేరు:
మేం క్రూయిజ్‌లో చెన్నై వెళ్లాం. డాల్ఫిన్స్ నోస్ దాటేదాకా డెక్ మీద ఫొటోలే ఫొటోలు. రాత్రి భోజనాలప్పుడు మొదలైంది. గ్లాసులో నీళ్లు ఒక పక్కకి ఒరిగాయి, గదిలోకెళ్తే కిటికీ కర్టెన్ గోడని వదిలి ముందుకొచ్చి కాసేపు అలాగే వేలాడి మళ్లీ వెళ్లి గోడకి అతుక్కుంటోంది, దాన్నే చూస్తూ కూర్చునేసరికి కడుపులో తిప్పేసింది. మాది పైన, ముందువైపు గది. స్టాఫ్ ఒకాయన మమ్మల్ని కింది అంతస్తులో నడుమ ఉన్న హాల్లోకి తీసుకెళ్లాడు. అక్కడ చాలా నయం.

గాజువాక (మర్చంట్ నేవీ):
ఆయన చేసింది కరెక్టండి. ఓడ ముందూ వెనకా లేచి పడుతుంటే నడుమ భాగం తక్కువ కదులుతుంది, పక్కలకి ఊగడం కింద తక్కువ. క్రూయిజ్ షిప్పులకి నీళ్లలో రెక్కల్లా స్టెబిలైజర్లు ఉంటాయి, అవి పక్కలకి ఊగడాన్ని తగ్గిస్తాయి కానీ ముందువెనకల ఎత్తేయడాన్ని పెద్దగా ఆపలేవు. టాబ్లెట్ బయల్దేరే ముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు. పెద్దవాళ్లకి ఏది పడుతుందో, ముఖ్యంగా బీపీకో కంటికో మందులు వాడుతుంటే, డాక్టర్ని అడిగాకే ఇవ్వండి.
ఇంకోటి, నవంబర్ వద్దు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరినేం చేసిందో మర్చిపోలేం కదా.

పెదజాలరిపేట:
మా నాన్న వేటకెళ్లేవారు. ఖాళీ కడుపుతో పడవెక్కనిచ్చేవారు కాదు. కడుపు తిప్పితే కింద చూడకు, దూరంగా నీళ్లూ ఆకాశం కలిసే చోటే చూడు అనేవారు. ఫోన్ మాత్రం అస్సలు చూడనివ్వకండి అమ్మగారిని.

మధురవాడ:
బాత్రూమ్ గడప జాగ్రత్త! ఓడల్లో కొన్నిచోట్ల జానెడు ఎత్తుంటుంది. మా మామగారు ఓడ ఊగుతున్నప్పుడే తట్టుకుని పడ్డారు, మణికట్టు వాచింది. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఎప్పుడూ రెయిలింగ్ మీదే ఉండాలి, తలుపు అంచున వేళ్లు పెట్టకూడదు.

సీతమ్మధార:
చాలా థ్యాంక్సండి. నాన్నతో మాట్లాడాను, ఫిబ్రవరికి మార్చాం. నడుమ గదులే అడుగుతాను. అమ్మ అప్పుడే అల్లం మురబ్బా తెప్పించమంటోంది.