తోలుబొమ్మకి ఆ రంగు ఎలా వస్తుంది?

ప్రశ్న: మొన్న జాతరలో తోలుబొమ్మలాట చూశానండీ, తెర మీద హనుమంతుడు ఎర్రగా పచ్చగా వెలిగిపోతున్నాడు, తోలంటే నల్లటి నీడే పడాలి కదా, మరి రంగెలా కనిపిస్తుంది?

రిప్లై 1: మేకతోలుని శుభ్రం చేసి పల్చగా గీకుతారండీ, అప్పుడు వెలుతురు అందులోంచి దూరుతుంది, రంగు రెండు వైపులా వేస్తారు. నగల దగ్గర ఉలితో సన్నటి చిల్లులు కొడతారు, వెనక దీపం పెట్టగానే అవే రవ్వల్లా మెరుస్తాయి, దగ్గర్నుంచి చూస్తే కళ్లు తిప్పుకోలేం.

రిప్లై 2: ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వెళ్లండి. ఆ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అక్కడివాళ్లు తోలుతో ల్యాంప్‌షేడ్లు కూడా చేసి అమ్ముతున్నారు, మంచిదే, కానీ రాత్రంతా ఆట ఆడించేవాళ్లు తగ్గిపోతుంటే బాధేస్తుంది.

రిప్లై 3: థాంక్సండీ! ఆటలో నవ్వించే బొమ్మలు బంగారక్క, కేతిగాడు వచ్చినప్పుడు మా పాప ఒకటే నవ్వు, ఈసారి తనని నిమ్మలకుంట తీసుకెళ్తా.