పాత ట్రక్కు బ్రేక్ డ్రమ్ ఊడి రావట్లేదు, సుత్తితో కొట్టొచ్చా?

పాతచక్రం: ఏళ్లుగా కదలని ట్రక్కు, హైడ్రాలిక్ బ్రేకులు. చక్రం విప్పాను, హ్యాండ్‌బ్రేక్ వదిలేశాను, చక్రం నడుమ ఉండే హబ్ చుట్టూ తుప్పు వదిలే నూనె కూడా పోశాను. వెనక ఎడమ డ్రమ్ అరంగుళం బయటికొచ్చి ఆగిపోతోంది. కొట్టి తీసెయ్యొచ్చా?

ఇరుసు: కొట్టు తమ్ముడూ. చక్రం బిగించే స్టడ్ల మధ్య, డ్రమ్ ముఖం మీద పెద్ద సుత్తితో నాలుగు దెబ్బలు వెయ్యి, అప్పటికీ రాకపోతే హబ్ చుట్టూ మంట చూపించు. చచ్చినట్టు వస్తుంది.

నట్టుబోల్టు: కొట్టొద్దు. అరంగుళం కదిలిందంటే హబ్ దగ్గర తుప్పు ఎప్పుడో వదిలేసింది. బ్రేకు వేస్తే డ్రమ్‌ను లోపల నుంచి ఒత్తే షూలు రాసుకున్న మేర డ్రమ్ అరిగి, అంచున గట్టు మిగిలిపోయింది, షూలు దానికి తగులుతున్నాయి. డ్రమ్ వెనకుండే బ్యాక్ ప్లేట్‌లో చిన్న రబ్బరు మూత ఉంటే తీసి, షూలను డ్రమ్‌కు దగ్గరగా, దూరంగా జరిపే అడ్జస్టర్ పళ్లచక్రాన్ని వెనక్కి తిప్పు. సెల్ఫ్ అడ్జస్టర్ రకమైతే దాని నాలుకను సన్న స్క్రూడ్రైవర్‌తో పక్కకు నెట్టిపట్టుకోవాలి, లేదంటే తిరగదు.

ఇరుసు: ఆ అడ్జస్టరూ తుప్పు పట్టే ఉంటుందిగా! బండ్ల కింద పడుకుని బతుకుతున్నవాణ్ణి, నాకు చెప్తారా?

నట్టుబోల్టు: తిరగకపోతే షూలను పట్టి ఉంచే పిన్నుల తలలు వెనక నుంచి కోసెయ్యాలి. పిన్నులు కొత్తవి దొరుకుతాయి, ఈ వయసు బండికి డ్రమ్ దొరకాలిగా? పోత ఇనుము అది, అంచున దెబ్బ పడితే చిట్లుతుంది. నా బండిది ఒక మెకానిక్ అలాగే పగలగొట్టి, పైగా "పాతది కదా సార్" అన్నాడు.

ఇరుసు: అంచు మీద కొట్టమని నేనెక్కడన్నాను? స్టడ్ల మధ్య అన్నాను. చదివి మాట్లాడండి.

గ్రీజుచేతులు: బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెట్టకండి, క్లోరిన్ ఉన్న రకమైతే వేడికి ఫాస్‌జీన్ వస్తుంది, విషం. డ్రమ్ వచ్చాక గాలి కొట్టకండి, షూల మీదుండే పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల జబ్బులొస్తాయి. తడిపి తుడవండి.

ఇరుసు: ఇన్నాళ్లూ గాలే కొట్టాను, నాకేమైంది?

గ్రీజుచేతులు: ఆ జబ్బులు బయటపడటానికి దశాబ్దాలు పడుతుందన్నా.

నట్టుబోల్టు: ఆయనకు పని త్వరగా అయిపోవాలి, అంతే. బండి ఎవరిదైతే ఏం.

ఇరుసు: అసలు సంగతి ఇదన్నమాట! మీకు పాత డ్రమ్ దాచుకోవాలి, నాకు బ్రేకు పడాలి. షూలు ఇరుక్కునేంత గట్టు కట్టిందంటే అది తుక్కుకే. ఒరిజినల్ అని మళ్లీ అదే బిగించి, లోడుతో ఘాట్ దింపుతారా?

నట్టుబోల్టు: కొలవకుండానే తుక్కని తేల్చేశారే! గట్టు ఉన్నంత మాత్రాన పరిమితి దాటినట్టు కాదు. చాలా డ్రమ్ముల మీద గరిష్ఠ వ్యాసం పోతపోసే ఉంటుంది, దానికి లోపలైతే లేత్ మీద సాపు చేయించి వాడొచ్చు. దాటితే నేనే పారేయమంటాను. కొలవాలంటే ముందు పగలకుండా బయటికి రావాలిగా.

పాతచక్రం: గొడవ ఆపండి, మూత దొరికింది. పళ్లచక్రం ఒకవైపే తిరుగుతోంది, అటు తిప్పేకొద్దీ డ్రమ్ ఇంకా బిగుసుకుంటోంది.

ఇరుసు: ఆ నాలుకను నెట్టిపట్టుకోమని ఆయన పైన చెప్పాడుగా, అది చూడు ముందు.