అప్‌డేట్: "ఈ జబ్బు నిన్ను గట్టిపరుస్తుంది" అన్న మాట గురించి

నా పాత ప్రశ్న గుర్తుచేస్తాను. ఇరవైల్లోనే హాజ్‌కిన్ లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ వచ్చింది, చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "దీంతో నువ్వు గట్టిపడతావు" అంటుంటే ఒళ్లు మండిపోతోంది, నిజంగా అలా అవుతుందా అని అడిగాను.

కీమో అయిపోయింది. స్కాన్ బాగానే వచ్చింది. చెకప్‌లు మాత్రం నడుస్తూనే ఉంటాయి.

మీలో ఒకరు చెప్పిన పోస్ట్ ట్రామాటిక్ గ్రోత్ (పెద్ద కష్టం తర్వాత మనిషిలో వచ్చే ఎదుగుదల) గురించి చదివాను. టెడెస్కీ, కాల్హూన్ అనే సైకాలజిస్టులు దాన్ని కొలవడానికి 1996లో 21 వాక్యాల ప్రశ్నావళి ఒకటి ప్రచురించారు. ఎదుగుదల జబ్బు వల్ల రాదట, దానితో పెనుగులాడటం వల్ల వస్తుందట. బాధ కూడా పక్కనే ఉండొచ్చట. హమ్మయ్య, ఏడ్చినా పర్లేదన్నమాట!

నాలో మారింది చెప్తాను. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎర్రగా ఉంటుంది. నర్సు దాన్ని సిరంజితో మెల్లగా ఎక్కిస్తుంటే మొదట్లో కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని. పోనుపోను దాన్నే చూస్తూ అడగడం మొదలెట్టాను: ఇది గుండెకి ఏమైనా చేస్తుందా, ఇంకో కీమో మందు బ్లియోమైసిన్‌తో ఊపిరితిత్తుల సంగతేంటి అని. ఇదివరకు డాక్టర్ దగ్గర అన్నీ అమ్మే మాట్లాడేది. ఇప్పుడు నేనే మాట్లాడుతున్నా. అమ్మకి అది కాస్త కష్టంగానే ఉంది, పాపం.

కొందరు స్నేహితులు దూరమయ్యారు. దాన్ని మాత్రం ఎదుగుదల లెక్కలో వేయను, ఎవరేమన్నా సరే.

ముందుముందు పిల్లల సంగతేంటని అడిగినవాళ్లకి: వచ్చే అపాయింట్‌మెంట్‌లో నా మొదటి ప్రశ్న అదే.